మిలటరీ తాతయ్యకు మన బాకీ



ఏటా జనవరి 14న దేశం మాజీ సైనికుల దినం జరుపుకుంటుంది. భారత సైన్యానికి తొలి భారతీయ సేనాధిపతి అయిన కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజు అది. కంటోన్మెంట్లలో ఆ ఉదయం స్మారకాల ముందు పూలగుచ్ఛాలు ఉంచుతారు, పెద్దవాళ్లు పాత పతకాలు తగిలించుకుని వస్తారు. తెలుగు ఊళ్లలో మాత్రం ఆ తేదీ భోగి మంటల్లోనో, సంక్రాంతి ముగ్గుల్లోనో కలిసిపోతుంది. ఇందులో విచారించాల్సిందేమీ లేదు. ఏడాదంతా హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండే పిల్లలూ మనవలూ ఊరు చేరేది ఆ మూడు రోజుల్లోనే. పటాళంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి ఇంట్లో ఉంటే, ఆయన దగ్గర కాసేపు కూర్చోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. అలా కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలి, లేచాక ఏం చేయాలి అన్నదే ఈ పూట నా విషయం.

సైనికుడంటే మనకు గౌరవం లేదని ఎవరూ అనలేరు. యుద్ధం వచ్చినప్పుడు ఊరూరా ర్యాలీలు తీస్తాం. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబు పార్థివదేహం సూర్యాపేటకు చేరినప్పుడు ఆ పట్టణమంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఆ దుఃఖం నిజమైనదే. అయితే మన గౌరవమంతా సరిహద్దులో నిలబడ్డ సైనికుడికీ, ప్రాణమిచ్చిన సైనికుడికీ పోతోంది. బతికి, పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో పనిచేసి, ఇనప ట్రంకుపెట్టెతో ఇంటికి తిరిగొచ్చిన మనిషి దగ్గరికి వచ్చేసరికి అది సన్నగిల్లుతుంది. ఆయన అపార్ట్‌మెంటు గేటు దగ్గరో, ఏటీఎం ముందో సెక్యూరిటీ గార్డుగా కనిపిస్తే, వాచ్‌మన్ అని పిలిచి లోపలికి వెళ్లిపోతాం. మన కృతజ్ఞతలో లోటున్నది భావోద్వేగంలో కాదు, వివరంలో. ఆయన ఏం చేశాడో తెలుసుకోవడం, ఆయనకు రావలసింది వేళకు అందేలా చూడడం. ఈ రెండూ జరిగితే విడిగా కృతజ్ఞతలు చెప్పకపోయినా ఫరవాలేదు. ఈ రెండూ జరగనిచోట ఎంత చప్పట్లు కొట్టినా ఆయనకు చేరేది ఏమీ లేదు.

మొదట ఇంటి సంగతి చూద్దాం. మన పల్లెల్లో ఇలాంటి మనిషికి 'మిలటరీ' అన్నది ఇంటిపేరు కంటే ముందు వచ్చి చేరుతుంది. మిలటరీ తాతయ్య, మిలటరీ బాబాయి. ఆయన తెల్లవారకముందే లేస్తాడని, మంచం దుప్పటి మడత చెదరనివ్వడని, క్యాంటీన్ కార్డు మీద మిక్సీ తెచ్చిపెడతాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన ఏ రెజిమెంటులో చేరాడు, శిక్షణ ఎక్కడ అయింది, ఏ యూనిట్లో ఉన్నాడు, ఏ కొండమీద ఎన్ని చలికాలాలు గడిపాడు, 1971లో ఎక్కడున్నాడు, కార్గిల్ అప్పుడు ఎక్కడున్నాడు అని అడిగితే చాలా ఇళ్లలో జవాబు రాదు. ఆయన దాచిపెట్టి కాదు, ఎవరూ అడగక. అడగని చరిత్ర ఆ మనిషితోపాటే వెళ్లిపోతుంది. అధికారుల జ్ఞాపకాలు పుస్తకాలుగా వచ్చాయి, ఇంకా వస్తాయి. సిపాయిలు, నాయక్‌లు, హవల్దార్లు రాసుకున్నవి చాలా తక్కువ. తెలుగులో మరీ తక్కువ. వాళ్ల అనుభవానికి ఇంట్లోవాళ్ల చెవులు తప్ప వేరే గ్రంథాలయం లేదు.

జ్ఞాపకాన్ని ఊరుమ్మడి విషయంగా చేసుకుంటే ఎలా నిలుస్తుందో చూడాలంటే తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వెళ్లాలి. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఆ ఊరికి మిలటరీ మాధవరం అన్న పేరే స్థిరపడింది. తరవాతి తరాలూ ఆ దారే పట్టాయి. అక్కడ సైనికులకు స్మారకం ఉంది. పిల్లలు దాని పక్కనుంచే బడికి పోతారు. ఈ ఊరి కథకు వెనక ఉన్న పెద్ద కథ మనకు బాగా తెలియాల్సింది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు తరతరాలుగా పనిచేశారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి దక్షిణాది వాళ్లకు యుద్ధానికి కావలసిన గుణం లేదన్న వాదం బ్రిటిష్ సైనికాధికారుల్లో బలపడింది. 1880ల్లో మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి, తరవాత భారత సైన్యానికంతా అధిపతి అయిన లార్డ్ రాబర్ట్స్ ఆ వాదానికి పెద్ద దన్ను. పంజాబు వైపు, నేపాల్ వైపు చూపు మళ్లింది. మద్రాసు పదాతి దళాలు ఒక్కొక్కటే తగ్గిపోయి, మొదటి ప్రపంచ యుద్ధం తరవాత దాదాపు లేకుండా పోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషుల అవసరం పడేసరికి ఆ సిద్ధాంతాన్ని పక్కన పెట్టి మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టారు. కాబట్టి 1940ల్లో గోదావరి, కృష్ణా, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి చేరిన కుర్రవాడు జీతం కోసం వెళ్లినా, తన నేల మీద వేసిన ఒక అబద్ధపు ముద్రను చెరిపిన వాళ్లలో ఒకడయ్యాడు. మనవడికి ఈ సంగతి తెలిస్తే గోడమీది పాత ఫొటోలో ఉన్న ముత్తాతను చూసే చూపే వేరుగా ఉంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. వాళ్లు పోరాడింది బ్రిటిష్ ప్రభుత్వం కోసం కదా, దానికి మనమెందుకు రుణపడాలి? ఇది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు, 87 వేల మందికి పైగా చనిపోయారు. ఆ యుద్ధంలోకి దేశాన్ని దింపినప్పుడు వైస్రాయి మన నాయకుల్ని మాటమాత్రమైనా అడగలేదు. ఇది నిజం. అదే సైన్యం 1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర జపాన్ సేనను మన నేలమీద ఆపిందన్నదీ నిజం. ఆ మనుషుల్లోనే కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. నౌకాదళంలో ఉన్నవాళ్లు 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో తిరగబడ్డారు. 1947 అక్టోబరులో శ్రీనగర్‌లో విమానాల నుంచి దిగింది కూడా ఆ సైన్యంలో తర్ఫీదైన సిక్కు రెజిమెంటు జవాన్లే. సామ్రాజ్యం చేసిన నిర్ణయానికి సిపాయిని బాధ్యుణ్ణి చేస్తే, ఈ చరిత్రలో ఏ ఒక్క భాగమూ అర్థం కాదు.

ఇదే ప్రశ్న స్వతంత్ర భారతంలోనూ ఎదురైంది. అప్పుడు మనం ఇచ్చిన జవాబు మనకు గౌరవం తెచ్చేది కాదు. 1987 జులైలో కుదిరిన ఒప్పందం ప్రకారం మన సైన్యం శాంతి పరిరక్షక దళంగా శ్రీలంకకు వెళ్లింది. ముందు వెళ్లింది సికింద్రాబాదు కేంద్రంగా ఉండే 54వ డివిజన్. శాంతి కాపాడటానికని వెళ్లిన జవాన్లు కొన్ని నెలల్లోనే జాఫ్నా వీధుల్లో తమిళ పులులతో యుద్ధం చేయాల్సి వచ్చింది. ఎవరు శత్రువో, ఎవరు ఊరివాళ్లో తెలియని యుద్ధం అది. సుమారు 1,200 మంది తిరిగి రాలేదు. తమిళ పౌరులూ ఎంతోమంది బలయ్యారు, దాన్నీ దాచకూడదు. 1990 మార్చిలో చివరి దళం మద్రాసు రేవులో దిగినప్పుడు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. ఆయనకు విధానం మీద ఉన్న కోపానికి కారణాలు ఉండవచ్చు. ఆ విధానాన్ని రాసినవాళ్లు మాత్రం ఓడలో లేరు. ఓడ దిగినవాళ్లు ఆజ్ఞ పాటించినవాళ్లు, సహచరుల్ని పోగొట్టుకున్నవాళ్లు. ఆ సైనికుల పేర్లతో కొలంబో దగ్గర శ్రీలంక ప్రభుత్వం స్మారకం కట్టిన తరవాత ఎన్నో ఏళ్లకు గానీ, 2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచాక గానీ, వాళ్ల పేర్లకు మన రాజధానిలో ఒక గోడ దొరకలేదు. యుద్ధం తప్పని వాదించే హక్కు ప్రజాస్వామ్యంలో ప్రతివాడికీ ఉంది, ఉండాలి. ఆ వాదన పార్లమెంటుతో పెట్టుకోవాలి. మన వీధిలో ఉన్న ఆ ఎక్స్‌సర్వీస్‌మన్‌ను మాత్రం నువ్వెక్కడ పనిచేశావు, ఏం చూశావు అని అడగాలి. అలా అడిగేవాడు యుద్ధాన్ని పొగడడు. యుద్ధం ఖరీదెంతో సినిమాల కంటే సరిగ్గా చెప్పగలిగింది వెళ్లి వచ్చినవాడే.

మరో అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. సైన్యం కూడా ఒక ఉద్యోగమే, జీతం తీసుకున్నారు, పెన్షన్ వస్తోంది, రైతుకూ పారిశుద్ధ్య కార్మికుడికీ నర్సుకూ లేని ప్రత్యేకత వీళ్లకేమిటి? రైతుకూ నర్సుకూ మనం రుణపడే ఉన్నాం. ఒకరికి చెల్లిస్తే ఇంకొకరికి తగ్గిపోయే సొమ్ము కాదు అది. అయితే సైనికుడి ఉద్యోగ షరతులు మిగతా ఉద్యోగాలవి కావు. రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ దళాలవాళ్ల ప్రాథమిక హక్కుల్ని కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. సంఘం పెట్టుకోవడానికి లేదు, సమ్మె చేయడానికి లేదు, నచ్చకపోతే రాజీనామా పడేసి రావడానికీ లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది వయసు. సైన్యం ఎప్పుడూ యువకులతోనే ఉండాలి కాబట్టి జవాన్లలో ఎక్కువమందిని నలభై ఏళ్లకు కాస్త అటూ ఇటూగా ఇంటికి పంపేస్తారు. బయట ఉద్యోగి పదోన్నతులు అందుకునే వయసు అది, పిల్లల చదువులకు డబ్బు కావలసిన వయసు. త్వరగా విరమింపజేయడం దేశం తన అవసరం కోసం చేసిన ఏర్పాటు. దాని నష్టాన్ని భరించాల్సిన బాధ్యతా దేశానిదే. పెన్షన్‌ను దయగా చూసేవాళ్లు ఈ లెక్క మరిచిపోతున్నారు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం కేటాయింపు ఉంది. ఆ కోటా పూర్తిగా నిండడం లేదని ఏళ్ల తరబడి పార్లమెంటులో ప్రభుత్వమిచ్చిన జవాబులే చెబుతున్నాయి.

రావలసింది వేళకు రావడం ఎంత పెద్ద విషయమో ఒకే హోదా – ఒకే పెన్షన్ కథ చూస్తే తెలుస్తుంది. ఒకే హోదాలో, ఒకే కాలం పనిచేసిన ఇద్దరిలో ముందు రిటైరైనవాడికి తక్కువ, వెనక రిటైరైనవాడికి ఎక్కువ పెన్షన్ ఎందుకు రావాలన్నది ప్రశ్న. ఇది దశాబ్దాలు నడిచింది. 2009లో వేలమంది మాజీ సైనికులు తమ పతకాలను రాష్ట్రపతికి తిప్పి పంపారు. పతకం అంటే ఆ మనిషికి ఏమిటో ఊహించగలిగితే, దాన్ని వెనక్కి ఇచ్చిన రోజున ఎంత బాధపడి ఉంటాడో ఊహించవచ్చు. 2015లో జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి దీక్షలు సాగాక ఆ ఏడాది నవంబరులో ఉత్తర్వు వచ్చింది, 2014 జులై నుంచి వర్తించేలా. అయిదేళ్లకొకసారి సవరించాలి. 2019 జులై నుంచి జరగాల్సిన సవరణకు మంత్రివర్గం ఆమోదం 2022 డిసెంబరులో గానీ రాలేదు. బకాయిల్ని విడతలుగా ఇస్తామంటే, 2023 మార్చిలో సుప్రీంకోర్టు గడువులు పెట్టింది: కుటుంబ పెన్షనర్లకూ, శౌర్య పతకాలు పొందినవారికీ ఏప్రిల్ చివరికల్లా, 70 దాటినవారికి జూన్ చివరికల్లా. వయసు మళ్లినవాళ్లను వరుసలో ముందు నిలబెట్టాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. న్యాయం ఆలస్యమైతే వీళ్ల విషయంలో అది అందుకునేవాడు ఉండడు.

పెన్షన్ అర్హత లేకుండా తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. జవాను పెన్షన్‌కు కనీసం పదిహేనేళ్ల సేవ ఉండాలి. యుద్ధకాలంలో చేరి, యుద్ధం అయిపోగానే ఇంటికి పంపినవాళ్లు దాని కిందికి రాలేదు. అలాంటివాళ్లలో 65 దాటిన నిరుపేదలకు, వాళ్ల వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా నెలనెలా ఒక సాయం అందుతుంది. 2025 నవంబరు నుంచి దాన్ని 4,000 రూపాయల నుంచి 8,000కు పెంచారు. ఆ డబ్బు వచ్చేది పతాక దినోత్సవ నిధికి చెందిన సొమ్ము నుంచి. 1949 నుంచి ప్రతి డిసెంబరు 7న బళ్లలో పిల్లల చొక్కాలకు చిన్న జెండా గుచ్చి వసూలు చేసే రూపాయల నిధి అది. ఆ రూపాయి ఎక్కడికి పోతుందో మాస్టారు ఆ రోజు పిల్లలకు చెబితే, ఆ వసూలు ఒక పాఠం అవుతుంది. చెప్పకపోతే పిల్లలకు అది స్కూలు ఫీజుల్లో ఇంకొకటి.

ఇప్పుడు ఇంట్లోవాళ్లు చేయగల పని దగ్గరికి వద్దాం. దీన్ని నేను చాలా ముఖ్యమనుకుంటున్నాను. సైనికుడికి ఉన్న హక్కులన్నీ కాగితం మీద నడుస్తాయి. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఉత్తర్వు అయిన పీపీఓ, సర్వీసు నంబరు, ఈసీహెచ్‌ఎస్ ఆరోగ్య కార్డు. ఇవి ఎక్కడున్నాయో ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియని ఇళ్లు కొల్లలు. పెన్షన్ల పద్ధతి ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ ఏర్పాటులోకి మారింది. ఏటా బతికి ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్ల మనిషి పాస్‌వర్డులు, ఓటీపీలతో ఒంటరిగా తంటాలు పడుతుంటే, పక్కగదిలో కంప్యూటర్ ఉద్యోగం చేసే మనవడు ఉంటే, ఆ మనవడు జెండా పండుగకు పెట్టే వాట్సాప్ స్టేటస్ కంటే ఒక అరగంట పక్కన కూర్చోవడం విలువైనది. ఇంకా ముఖ్యమైనది భార్య పేరు. ముప్ఫై నలభై ఏళ్ల కింద రికార్డ్స్ ఆఫీసులో గుమాస్తా తన యాసలో రాసిన పేరు ఒకటి, ఆధార్‌లో ఉన్నది ఇంకొకటి, పుట్టిన తేదీ మరొకటి. ఆయన ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. ఆయన పోయిన మర్నాటి నుంచి ఆమె కుటుంబ పెన్షన్ కోసం తిరగాల్సి వస్తుంది. ఆయన సంతకం పెట్టగలిగే రోజుల్లోనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లి ఆ తేడాలు సరిచేయించాలి.

భార్య మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. సైనికుడి సేవలో సగం ఊళ్లో జరుగుతుంది. రెండు నెలల సెలవుకు వచ్చి వెళ్లే భర్త, నెలకోసారి మనియార్డరు, ఉత్తరం వచ్చిందా లేదా అని పోస్టుమాన్ కోసం చూపు. పొలం కౌలు, అత్తమామల మందులు, పిల్లల చదువు అన్నీ ఆమె చేతిమీదే నడిచాయి. ఆమెను మనం ఎలా చూశామో ఒక నిబంధన చెబుతుంది. శౌర్య పతకం పొందిన సైనికుడు చనిపోతే, దాని మీద వచ్చే భత్యం భార్యకు అందేది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది, మరిదినో బావనో చేసుకుంటే తప్ప. ఆ షరతును 2017 నవంబరులో తీసేశారు. అంతకాలం ఆ నిబంధన ఉండటమే, ఆమెను రుణం అందుకోవాల్సిన మనిషిగా కాక ఆ ఇంటి సొత్తుగా చూసిన తీరుకు సాక్ష్యం. మాజీ సైనికుడికి సన్మానం చేసే ఊరు రెండో కుర్చీ కూడా వేయాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంకో చిక్కు ఉంది. మాజీ సైనికులకు సాగుభూమి ఇచ్చే పద్ధతి ఇక్కడ దశాబ్దాలుగా ఉంది. ఇచ్చిన పదేళ్ల తరవాత ఆ భూమిని అమ్ముకోవచ్చని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1993లో ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఆ సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉండిపోతే రిజిస్ట్రేషన్ జరగదు. తహసీల్దారు దగ్గరి నుంచి కలెక్టరేటుకు, అక్కడి నుంచి మళ్లీ కిందికి ఫైలు నడుస్తుంది. భూమి ఇచ్చిన రోజు ఫొటో తీసుకున్న ప్రభుత్వం ఆ భూమికి అడ్డు లేకుండా చూడటమూ తన పనేనని గుర్తించాలి.

అడిగితే వాళ్లు చెప్పరు, పాత గాయాలు రేపడం ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. అందులో నిజముంది. ఎంతమందిని చంపావు అన్నది ఎప్పటికీ అడగకూడని ప్రశ్న, పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. బంకరులో ఏం వండుకునేవారు, హిందీ ఎలా నేర్చుకున్నావు, సియాచిన్‌లో నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చేవి, పక్క మంచం మీది మనిషి ఏ ఊరివాడు, ఇప్పుడు ఎక్కడున్నాడు? ఇలాంటివి అడిగితే చాలామంది చెబుతారు. చెప్పనివాళ్ల మౌనాన్ని గౌరవించాలి. రాత్రిళ్లు నిద్రపట్టని మనిషి ఇంట్లో ఉంటే, ఆయన కోపాన్ని మిలటరీ చాదస్తం అని కొట్టేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఈసీహెచ్‌ఎస్ 2003లో మొదలైంది మాజీ సైనికుల వైద్యం కోసమే.

ఈ మాటలన్నీ వృద్ధుల గురించేనని అనుకోవద్దు. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు సికింద్రాబాదు స్టేషన్లో యువకుల నిరసన హింసగా మారడం మనకు గుర్తుంది. ఆ పథకం కింద చేరినవారిలో నాలుగేళ్ల తరవాత 25 శాతం వరకు మాత్రమే సైన్యంలో కొనసాగుతారు. మిగతావారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికి వస్తారు. వాళ్లకు పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. సైన్యంలో తొలి బృందం శిక్షణ 2023 జనవరిలో మొదలైంది కాబట్టి ఆ గడువు 2026 చివరికి ముగుస్తుంది. పాతికేళ్లకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆ కుర్రవాళ్లు మన ఊళ్లకు రావడం మొదలయ్యాక, సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషికి దేశం ఏం బాకీ పడిందన్న ప్రశ్నకు మళ్లీ మొదటి నుంచి జవాబు వెతకాల్సి ఉంటుంది. వాళ్ల కోసం జిల్లా కార్యాలయాల్లో ఇప్పుడే ఒక లెక్క ఉందా, ఏ పరిశ్రమ, ఏ శాఖ, ఏ కళాశాల వాళ్లను తీసుకోవడానికి సిద్ధంగా ఉంది అని మన శాసనసభ్యుల్ని, మన పార్లమెంటు సభ్యుల్ని సంక్రాంతికి ఊరొచ్చినప్పుడే అడుగుదాం.